కేంద్రం లేని రోజు నుంచి తీరం దాటే రాత్రి దాకా: పుట్టబోయే హరికేన్‌ను కనిపెట్టుకుని ఉండటం ఎలా

2024 సెప్టెంబరు 23 ఉదయం పశ్చిమ కరీబియన్ సముద్రం మీద ఉన్నది తుపాను కాదు. మన వాతావరణ శాఖ లెక్కలో చెప్పాలంటే అప్పటికి వాయుగుండం కూడా కాదు. మధ్య అమెరికాను ఆనుకుని వెడల్పుగా పరుచుకున్న అల్పపీడన ప్రాంతం, అందులో అక్కడక్కడా ఉరుముల మేఘాలు, అంతే. స్థిరమైన కేంద్రం లేదు. అయినా మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఆ రోజే దానికి ‘పొటెన్షియల్ ట్రాపికల్ సైక్లోన్ నైన్’ అని గుర్తింపు ఇచ్చి, క్రమం తప్పని బులెటిన్లు మొదలుపెట్టింది. మర్నాటికి దానికి హెలీన్ అన్న పేరు వచ్చింది. 26 రాత్రి 11 గంటల 10 నిమిషాలకు ఫ్లోరిడాలోని పెర్రీ పట్టణం దగ్గర, గంటకు 140 మైళ్ళ గాలులతో, 4వ కేటగిరీ హరికేన్‌గా (గాలి వేగాన్ని బట్టి కేటగిరీలు 1 నుంచి 5 దాకా ఉంటాయి) తీరం దాటింది. కేంద్రమే లేని స్థితి నుంచి తీరం దాటేదాకా పట్టిన సమయం మూడున్నర రోజులు.

ఆ మూడున్నర రోజుల్లో అడగాల్సిన ప్రశ్న మారుతూ వచ్చింది. మొదట, ఇది అసలు ఏర్పడుతుందా? తర్వాత, దీని కేంద్రం ఎక్కడ? ఆపైన, ఎంత తొందరగా బలపడుతుంది? చివరికి, నీళ్ళు ఎక్కడి దాకా వస్తాయి? ఒక్కో ప్రశ్నకు జవాబు ఒక్కో చోట దొరుకుతుంది. చాలామంది మాత్రం మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా ఒకే బొమ్మను, తుపాను కేంద్రం పోగల దారిని చూపుతూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే ఆ ‘కోన్’ను, చూస్తూ కూర్చుంటారు. మొదటి ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ అందులో జవాబు ఉండదు. ప్రాణాలు ఎక్కువగా పోయేదేమో నాలుగో ప్రశ్న దగ్గరే.

ఏర్పడుతుందా?

అట్లాంటిక్‌లో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. జోరంతా ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఉంటుంది. సగటు లెక్కలో సెప్టెంబరు 10 దానికి శిఖరం. సీజన్ పొడవునా నేషనల్ హరికేన్ సెంటర్ రోజుకు నాలుగుసార్లు ‘ట్రాపికల్ వెదర్ అవుట్‌లుక్’ విడుదల చేస్తుంది. అమెరికా తూర్పు తీరపు వేసవి సమయం ప్రకారం తెల్లవారుజామున 2, ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకు. మన గడియారంలో అవి ఉదయం 11:30, సాయంత్రం 5:30, రాత్రి 11:30, ఉదయం 5:30. టంపాలోనో, హ్యూస్టన్‌లోనో, షార్లట్‌లోనో పిల్లలున్న ఇక్కడి తల్లిదండ్రులు ఈ వేళలు గుర్తుపెట్టుకుంటే మధ్యలో వాట్సాప్‌లో తిరిగే బొమ్మల కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు బులెటిన్లు పాతవై ఉంటాయి.

అవుట్‌లుక్‌లో ప్రతి వ్యవస్థకూ రెండు అంకెలు ఉంటాయి: 48 గంటల్లో ఏర్పడే అవకాశం ఎంత శాతం, 7 రోజుల్లో ఎంత శాతం. ఈ 7 రోజుల లెక్క 2023లో మొదలైంది, అంతకుముందు 5 రోజులే ఉండేది. 40 శాతం లోపు పసుపు, 40 నుంచి 60 దాకా నారింజ, 60 దాటితే ఎరుపు. రంగు ఒక్కటే చూస్తే సగం సమాచారం పోయినట్టే. 7 రోజుల్లో 70, 48 గంటల్లో 10 అని ఉంటే ఇంకా వ్యవధి ఉందని అర్థం. రెండూ 80 అయితే రేపో ఎల్లుండో పేరు రావచ్చు. మరో మాట: మ్యాపు మీద ఎర్రగా కనిపించే ప్రాంతం ‘ఈ వారంలో ఇక్కడెక్కడో ఏర్పడవచ్చు’ అని మాత్రమే చెబుతుంది. తుపాను పోయే దారి అది కాదు. ఆ రంగు ఒక ఊరి మీద లేకపోతే ఆ ఊరికి ముప్పు లేదనుకోవడం, ఈ దశలో జరిగే పొరపాట్లలో మొదటిది. ఒక్క అంకె కన్నా వరుస ముఖ్యం. 20, 30, 50, 70 అంటూ నాలుగు అవుట్‌లుక్‌లలో పెరిగినది, రెండు రోజులుగా 60 దగ్గరే ఆగిపోయిన దానికన్నా ఎక్కువ శ్రద్ధగా చూడాల్సింది.

ఈ దశలోనే 90ఎల్, 91ఎల్ లాంటి గుర్తులు వినిపిస్తాయి. 90 నుంచి 99 దాకా ఉన్న అంకెలు ‘ఇన్వెస్ట్’లకు, అంటే ప్రత్యేక పరిశీలనలోకి తీసుకున్న వ్యవస్థలకు, వరుసగా తిరుగుతూ వస్తుంటాయి. ‘ఎల్’ అంటే అట్లాంటిక్. అమెరికా నౌకాదళ కేంద్రం మన బంగాళాఖాతానికి ‘బి’ వాడుతుంది కాబట్టి ఇక్కడ 90బి అని కనిపిస్తుంది. ఇన్వెస్ట్ అయినంత మాత్రాన ప్రమాదం పెరిగినట్టు కాదు. దాని మీద ప్రత్యేక మోడళ్ళు, అంటే అంచనాలు వేసే కంప్యూటర్ లెక్కలు, నడపడానికి, ఉపగ్రహ కొలతలు తీయడానికి ఫైలు తెరిచారని మాత్రమే.

తుపాను పుట్టడానికి కావలసిన సరుకులు అట్లాంటిక్‌లోనైనా బంగాళాఖాతంలోనైనా ఒకటే. సముద్రం కనీసం 26.5 డిగ్రీల వేడితో, ఆ వేడి పైపొరకే పరిమితం కాకుండా దాదాపు 50 మీటర్ల లోతు దాకా ఉండాలి. భూమధ్యరేఖకు కనీసం 5 డిగ్రీల దూరంలో ఉండాలి, లేకపోతే గాలి సుడి తిరగదు. మధ్య ఎత్తుల్లో గాలి తేమగా ఉండాలి. ముందుగానే ఏదో ఒక అలజడి ఉండాలి. అన్నిటికన్నా చికాకు పెట్టేది విండ్ షియర్. కింద ఒక దిక్కుకూ పైన ఇంకో దిక్కుకూ, లేదా బాగా తేడా వేగాలతో గాలి వీస్తుంటే మేఘాల గోపురం కింది సుడి మీద నిలవదు, పక్కకు ఒరిగిపోతుంది. ఆ తేడా 20 నాట్లు (గంటకు దాదాపు 37 కిలోమీటర్లు) దాటితే లేత వ్యవస్థ నిలదొక్కుకోవడం కష్టం.

ముందుగా ఉండాల్సిన ఆ అలజడి అట్లాంటిక్‌కు ఎక్కువగా ఆఫ్రికా నుంచి వస్తుంది. ఏటా దాదాపు 60 ‘తూర్పు అలలు’, అంటే పడమరకు కదిలే ద్రోణులు, మూడు నాలుగు రోజులకొకటి చొప్పున సెనెగల్ తీరం దాటి సముద్రం మీదికి వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఏమీ కాకుండానే పోతాయి. సహారా ఎడారి నుంచి వచ్చే పొడి, దుమ్ము గాలి పొర వాటి గొంతు నొక్కేయడం జూన్, జులైలలో మామూలే. హెలీన్ మాత్రం ఆ జాతి కాదు. అది మధ్య అమెరికా చుట్టూ తిరిగే పెద్ద గాలి సుడి నుంచి పుట్టింది. ఇలాంటి సుడులు సీజన్ మొదట్లోనూ చివర్లోనూ వస్తాయి. వెడల్పు చాలా ఎక్కువ కాబట్టి కేంద్రం కుదురుకోవడానికి ఆలస్యమవుతుంది; కుదురుకున్నాక తుపాను కూడా వెడల్పుగానే ఉంటుంది. ఈ ఒక్క సంగతి ఆఖరి రోజున చాలా పెద్దదైంది.

కేంద్రం ఎక్కడ?

ఉపగ్రహ చిత్రాల్లో మోసపోయేది ఇక్కడే. సముద్రం మీద ఉరుముల మేఘాలు రాత్రి పొద్దుపోయాక ఉబ్బి, తెల్లవారే వేళకు భీకరంగా కనిపించి, మధ్యాహ్నానికి తగ్గుతాయి. ఇది రోజూ జరిగే సహజమైన ఊపిరి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో ఎర్రటి ముద్ద చూసి ‘రాత్రికి రాత్రే తుపాను అయిపోయింది’ అనుకుంటే, మర్నాడు మధ్యాహ్నం చూస్తే ఆ ముద్ద ఉండదు. మేఘాలు 12 నుంచి 24 గంటలు ఒకేచోట పట్టు వదలకుండా ఉన్నాయా అన్నదే పరీక్ష.

ఇంకో మోసం దీనికన్నా సూక్ష్మం. ఇన్‌ఫ్రారెడ్‌లో కనిపించేది మేఘాల పైకప్పు. అక్కడ సుడి తిరుగుతున్నట్టు కనిపించవచ్చు, కానీ అది మూడు నాలుగు కిలోమీటర్ల ఎత్తులోని సుడి కావచ్చు. తెల్లవారి మామూలు వెలుగు చిత్రం వచ్చాక, అసలు ఉపరితల సుడి ఆ ముద్దకు వంద కిలోమీటర్ల పక్కన, మేఘం కప్పని నగ్న సుడిగా బయటపడుతుంది. అందుకే తొలి దశలో సూర్యోదయం తర్వాత వచ్చే గంట రెండు గంటల చిత్రాలకు విలువ ఎక్కువ. అమెరికా గోస్-19 ఉపగ్రహం 2025 ఏప్రిల్ నుంచి అట్లాంటిక్‌ను చూస్తోంది. భూగోళం మొత్తాన్ని 10 నిమిషాలకొకసారి, ఎంచుకున్న చిన్న ప్రాంతాన్ని నిమిషానికొకసారి తీస్తుంది. ఆ నిమిషం చిత్రాలను వరుసగా నడిపి, ఎత్తైన మేఘాలను వదిలేసి కింద కదిలే చిన్న మేఘాల బారులను చూడాలి. అవి ఒక బిందువు చుట్టూ అపసవ్య దిశలో పూర్తిగా తిరుగుతుంటేనే కేంద్రం ఉన్నట్టు.

పూర్తిగా అన్న మాట ముఖ్యం. పడమరకు వేగంగా పరుగెత్తే అలకు ఉత్తరాన తూర్పు గాలి బలంగా ఉంటుంది. దక్షిణాన పడమటి గాలి ఉండదు. దక్షిణాన పడమర నుంచి గాలి వీచిందా అన్నదే ఆవర్తనం మూసుకుందా లేదా తేల్చే గుర్తు. దీన్ని సముద్రం మీద కొలిచే పరికరం స్కాటరోమీటర్. అలల గరుకుతనాన్ని బట్టి గాలి వేగం, దిక్కు లెక్కగడుతుంది. యూరప్ మెటాప్ ఉపగ్రహాల మీద ఒకటి ఉంది. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన ఓషన్‌శాట్-3 మీద కూడా ఒకటి ఉంది, అది ప్రపంచ సముద్రాలన్నిటినీ చూస్తుంది. ఇబ్బంది ఏమిటంటే ఇవి కక్ష్యలో తిరుగుతూ పట్టీలు పట్టీలుగా చూస్తాయి. సరిగ్గా కావలసిన చోటు రెండు పట్టీల మధ్య ఖాళీలో పడిపోవడం తరచూ జరిగేదే. భారీ వర్షం కింద కొలత కూడా చెడుతుంది.

బాయ్‌లు (సముద్రం మీద తేలే కొలత పరికరాలు), ఓడలు, దీవుల కేంద్రాల నుంచి వచ్చే పీడనం చాలా నమ్మదగినది, ఒక జాగ్రత్త తీసుకుంటే. ఉష్ణమండలంలో గాలి పీడనం రోజూ రెండుసార్లు ఆటుపోట్లలా లేచి పడుతుంది. ఉదయం, రాత్రి 10 గంటల ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తక్కువ. తేడా 3 మిల్లీబార్ల దాకా ఉండొచ్చు. ఉదయం 10కి 1009 ఉండి సాయంత్రం 4కి 1006 అయితే అది తుపాను సూచన కాకపోవచ్చు. నిన్న ఇదే వేళకు ఎంత ఉంది అని చూడాలి. 24 గంటల తేడాలో 3, 4 మిల్లీబార్లు పడితే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి.

ఈ అనుమానాలన్నీ తీర్చేది విమానం. మిసిసిపీ రాష్ట్రం బిలాక్సీలోని కీస్లర్ స్థావరం నుంచి వాయుసేన రిజర్వ్ 53వ స్క్వాడ్రన్‌కు చెందిన డబ్ల్యూసీ-130జే విమానాలు, ఫ్లోరిడాలోని లేక్‌లాండ్ నుంచి అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాకు చెందిన పీ-3 ఒరాయన్‌లు వెళతాయి. కేంద్రం ఉందో లేదో చూడ్డానికి వెళ్ళినప్పుడు బాగా కిందుగా, వెయ్యి అడుగుల అటూ ఇటూ ఎగిరి నాలుగు దిక్కులా గాలి కొలుస్తారు. తుపాను హరికేన్ అయ్యాక 10,000 అడుగుల ఎత్తున కన్నును, అంటే నడిమధ్యనున్న ప్రశాంత భాగాన్ని, కోస్తూ పోతారు. ఆ ఎత్తున కొలిచిన గాలి నేల మీద అంత ఉండదు. కన్ను చుట్టూ ఉండే మేఘాల వలయంలో, అంటే కంటి గోడలో, సుమారు 90 శాతం అని లెక్క: పైన 100 నాట్లు ఉంటే కింద 90. విమానం కొలతలను నేరుగా చూసేవాళ్ళు ఈ తేడా మరిచిపోయి ఒక కేటగిరీ ఎక్కువ చెప్పేస్తుంటారు. విమానం నుంచి వదిలే డ్రాప్‌సోండ్ చిన్న పారాచూట్‌తో సముద్రం దాకా దిగుతూ పీడనం, తేమ, ఉష్ణోగ్రత, గాలి పంపుతుంది. ఆ కొలతలు మోడళ్ళలోకి వెళతాయి. అంటే విమానం వెళ్ళక ముందు నడిచిన మోడల్‌కూ, వెళ్ళొచ్చిన తర్వాత నడిచిన దానికీ ఒకే విలువ ఇవ్వకూడదు.

మోడళ్ళ సంగతి కూడా కేంద్రంతోనే ముడిపడి ఉంది. అమెరికా వాతావరణ మోడల్ జీఎఫ్ఎస్ రోజుకు నాలుగుసార్లు, 16 రోజుల ముందు దాకా నడుస్తుంది. కేంద్రం లేని వ్యవస్థ మీద ప్రతి మోడల్ తనకు తోచిన చోట కేంద్రం పెట్టుకుంటుంది. ఆ మొదటి అడుగులోని 100 కిలోమీటర్ల తేడా ఐదో రోజుకు ఒక రాష్ట్రమంత అవుతుంది. పదో రోజున జీఎఫ్ఎస్ ఒక మహా హరికేన్‌ను గీసిందని పంచుకోవడంలో ఉపయోగం ఏమీ లేదు. సీజన్ తొలి నెలల్లో పశ్చిమ కరీబియన్‌లో లేని తుపాన్లను పుట్టించే అలవాటు ఆ మోడల్‌కు ఉంది. ఈ దశలో చూడాల్సింది ఎన్‌సెంబుల్స్: ఆరంభాన్ని కొద్దికొద్దిగా మార్చి అదే మోడల్‌ను అనేకసార్లు నడపడం. జీఎఫ్ఎస్‌కు 31, యూరప్ మోడల్‌కు 51. వాటిలో ఎన్ని తుపాను పుట్టిస్తున్నాయి, బలమైనవి ఎటు పోతున్నాయి, బలహీనమైనవి ఎటు పోతున్నాయి అని విడదీసి చూడాలి. బలపడిన తుపాను ఎత్తుగా ఎదుగుతుంది కాబట్టి పై స్థాయి గాలులు దాన్ని నడిపిస్తాయి. తెరిపి దొరికితే అది ముందే ఉత్తరానికి తిరుగుతుంది. బలహీనమైనది కింది వ్యాపార పవనాలతో పడమరకు కొట్టుకుపోతుంది. అంటే దారి ఎటో తెలియాలంటే ముందు బలం తెలియాలి.

అన్ని గీతల్నీ కలిపి వేసే ‘స్పగెట్టీ’ బొమ్మలో కొన్ని గీతలు అసలు అంచనాలే కావు. ఎక్స్‌టీఆర్‌పీ అన్న గీత ఇప్పుడు పోతున్న దిక్కులోనే తిన్నగా గీసినది. సీఎల్‌పీ5 పాత తుపాన్ల తీరును, ఇప్పటి కదలికను బట్టి గీసినది. వీటిని తీసేసి చూడాలి. మిగిలిన వాటిలో విడి గీత కన్నా అనేక మోడళ్ళ ఉమ్మడి గీత, టీవీసీఎన్ లాంటిది, సగటున మెరుగు. 2025 నుంచి గూగుల్ డీప్‌మైండ్ తయారుచేసిన కృత్రిమ మేధ మోడల్‌ను కూడా నేషనల్ హరికేన్ సెంటర్ నిపుణులు పక్కన పెట్టుకుని చూస్తున్నారు.

కోన్ ఏం చెబుతుంది

వ్యవస్థ తుపానుగా మారాక, లేదా మారకముందే తీరానికి ముప్పు తెచ్చేలా ఉంటే, అడ్వైజరీలు, అంటే క్రమం తప్పని బులెటిన్లు, మొదలవుతాయి. రెండో రకానికే పొటెన్షియల్ ట్రాపికల్ సైక్లోన్ అని పేరు. ఈ పద్ధతి 2017లో వచ్చింది. పుట్టకముందే హెచ్చరించడానికి వీలులేని పాత నిబంధన వల్ల తీరానికి దగ్గర్లో పుట్టే తుపాన్ల విషయంలో విలువైన గంటలు పోయేవి. మొదట్లో 48 గంటల్లో తీరాన్ని తాకేవాటికే ఇచ్చేవారు, 2025 నుంచి 72 గంటలకు పెంచారు. హెలీన్‌కు తొలి అడ్వైజరీ వచ్చింది ఈ పద్ధతిలోనే. కేంద్రం లేని రోజునే అది హరికేన్ అవుతుందన్న అంచనా బయటికి వచ్చింది.

అడ్వైజరీలు తూర్పు తీరపు వేసవి సమయంలో ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11 గంటలకు. మనకు మధ్యాహ్నం 2:30, రాత్రి 8:30, అర్ధరాత్రి దాటాక 2:30, ఉదయం 8:30. తీరానికి హెచ్చరికలు అమల్లో ఉంటే మధ్యలో 2, 8 గంటలకు కూడా ఇస్తారు. ప్రతి అడ్వైజరీతో వచ్చే ‘డిస్కషన్’ను దాటవేయకూడదు. రెండు మూడు పేరాల్లో నిపుణుడు తన అంచనా మీద తనకెంత నమ్మకం ఉందో చెప్పేది అందులోనే. ‘కేంద్రం ఉత్తరాన కొత్తగా ఏర్పడే అవకాశం’ అని అందులో కనిపిస్తే నిన్నటి గీతలన్నీ పక్కకు జరగబోతున్నాయని అర్థం.

మాటల తేడా కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో గంటకు 63 నుంచి 118 కిలోమీటర్ల దాకా ‘ట్రాపికల్ స్టార్మ్’. మన లెక్కలో అందులోనే తుపాను, తీవ్ర తుపాను రెండూ ఉన్నాయి. 119 దాటితే హరికేన్, మనకది అతి తీవ్ర తుపాను. వాళ్ళు ఒక నిమిషం సగటు గాలి చెబుతారు, మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు చెబుతుంది, కాబట్టి ఒకే తుపానుకు వాళ్ళ అంకె కొద్దిగా ఎక్కువ ఉంటుంది. ‘వాచ్’ అంటే తుపాను గాలులు రావడానికి సుమారు 48 గంటల ముందు ఇచ్చేది, ‘వార్నింగ్’ అంటే 36 గంటల ముందు ఇచ్చేది.

ఇక ఆ కోన్. గత ఐదేళ్ళ అంచనాల్లో ఎంత తప్పు వచ్చిందో లెక్కగట్టి, ప్రతి గడువు దగ్గరా ఒక వలయం గీసి, వాటిని కలిపితే వచ్చే ఆకారం అది. తుపాను కేంద్రం మూడింట రెండుసార్లు అందులో ఉంటుంది. మూడోసారి ఉండదు. 24 గంటల దగ్గర ఆ వలయం వ్యాసార్థం సుమారు 40 నాటికల్ మైళ్ళు, ఐదో రోజుకు 200 దాటుతుంది. ఏడాదంతా అన్ని తుపాన్లకూ అదే కొలత. చిన్న తుపానైనా, హెలీన్ లాంటి వెడల్పాటి తుపానైనా కోన్ వెడల్పు మారదు. కాబట్టి దాని బయట ఉన్నామంటే గాలి రాదనీ, వాన రాదనీ, ఉప్పెన రాదనీ అర్థం కాదు. కేంద్రం మన మీదుగా పోకపోవచ్చు అన్నంత వరకే.

పనికొచ్చే బొమ్మ ఇంకోటి ఉంది: తుపాను గాలులు చేరే సమయం. అందులో రెండు రకాలు. అన్నిటికన్నా ముందు రాగల సమయం, అంటే అంతకంటే ముందే రావడానికి పదింట ఒక వంతు అవకాశం ఉన్నది. ఎక్కువగా రాగల సమయం. కిటికీలకు ప్లైవుడ్ కొట్టడం, కారులో పెట్రోలు నింపడం, బయలుదేరడం, అన్నీ మొదటి దాన్ని బట్టి పెట్టుకోవాలి. తీరం దాటే సమయాన్ని బట్టి కాదు. గాలి గంటకు 39 మైళ్ళు దాటాక బయట చేసే పని ఏదైనా ప్రమాదమే, అది తీరం దాటడానికి చాలా గంటల ముందే వస్తుంది.

ఎంత తొందరగా?

24 గంటల్లో గాలి 30 నాట్లు, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లు పెరిగితే దాన్ని వేగంగా బలపడటం అంటారు. దారి అంచనాలు ముప్పై ఏళ్ళలో ఎంతో మెరుగయ్యాయి, ఇది అంత మెరుగవలేదు. 2023 అక్టోబరు 24 ఉదయం పసిఫిక్‌లో ట్రాపికల్ స్టార్మ్‌గా ఉన్న ఓటిస్, మర్నాడు తెల్లవారేలోపు 5వ కేటగిరీగా మెక్సికోలోని అకపుల్కో మీద పడింది. ప్రధాన మోడళ్ళేవీ దాన్ని పట్టలేదు. 2024 అక్టోబరు 7న మిల్టన్ కొన్ని గంటల వ్యవధిలో 1వ కేటగిరీ నుంచి 5కి ఎగబాకింది.

దీనికి ముందు కొన్ని గుర్తులు ఉంటాయి. లోతైన వేడి నీరు: గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో లూప్ కరెంట్ అనే వేడి నీటి ప్రవాహం ఉన్నచోట వేడి నీరు చాలా లోతుకు ఉంటుంది, తుపాను ఎంత చిలికినా కింది నుంచి చల్లటి నీరు పైకి రాదు. తక్కువ షియర్. మూడోది, మైక్రోవేవ్ చిత్రంలో కనిపించే పూర్తి వలయం. ఈ చిత్రాలు పైనున్న పలచటి మేఘాలను దాటి లోపలి వాన వలయాన్ని చూపిస్తాయి. మామూలు చిత్రంలో కన్ను తెరుచుకోవడానికి కొన్ని గంటల ముందే ఇక్కడ వలయం మూసుకుంటుంది. అలాంటి చిత్రాలిచ్చే ఉపగ్రహాలు కొన్నే ఉన్నాయి. అందుకే 2025 వేసవిలో అమెరికా రక్షణ శాఖ తన ఉపగ్రహాల మైక్రోవేవ్ సమాచారం ఆపేస్తామన్నప్పుడు వాతావరణ నిపుణులు అంతగా ఆందోళన పడ్డారు; తర్వాత దాన్ని కొనసాగించారు.

ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళకు ఒక లెక్క చాలు. గల్ఫ్‌లో ఉన్న తుపానుకు అడ్వైజరీ చెప్పిన కేటగిరీకి ఒకటి కలిపి సిద్ధపడటం.

నీళ్ళు ఎక్కడి దాకా?

ఫ్లోరిడా పశ్చిమ తీరంలోని అఖాతం టంపా బే (టంపా, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరాలు దీని ఒడ్డునే ఉన్నాయి) అనుభవం చూస్తే కోన్ ఎందుకు చాలదో తెలుస్తుంది. హెలీన్ కేంద్రం టంపాకు పడమరగా, 160 కిలోమీటర్లకు పైగా దూరంలో సముద్రం మీదుగా పోయింది. అయినా సెయింట్ పీటర్స్‌బర్గ్ నీటిమట్టం గేజ్ తన చరిత్రలోనే అత్యధిక ఉప్పెనను నమోదు చేసింది. ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి, మనుషులు మునిగి చనిపోయారు. పదమూడు రోజుల తర్వాత, అక్టోబరు 9న, మిల్టన్ టంపా బేకు దక్షిణాన సారసోటా పక్కనున్న సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. ఇంత దగ్గరగా వచ్చినా టంపా బేలో ఉప్పెన రాలేదు. నీళ్ళు వెనక్కి, సముద్రంలోకి లాగేసుకుపోయాయి.

కారణం గాలి దిక్కు. ఉత్తరార్ధగోళంలో తుపాను అపసవ్య దిశలో తిరుగుతుంది. అది కదిలే దిక్కుకు కుడివైపున గాలి నీటిని తీరం మీదికి తోస్తుంది, ఎడమవైపున తీరం నుంచి అవతలికి తోస్తుంది. ఉత్తరానికి పోయిన హెలీన్‌కు టంపా కుడివైపు. తూర్పుకు పోయిన మిల్టన్‌కు టంపా ఎడమవైపు. మన తీరం మీద తుపాన్లు ఎక్కువగా పడమర, వాయవ్యాలకు కదులుతాయి కాబట్టి మనకు కుడివైపు అంటే ఉత్తరం, ఈశాన్యం. 1977 నవంబరు 19 తుపాను చీరాల దగ్గర తీరం దాటితే ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమలో. మిల్టన్ కూడా టంపాను వదిలిపెట్టిందని కాదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా వాన కురిసింది. సముద్రం వెనక్కి పోయిన రాత్రే వీధులు మునిగాయి.

ఉప్పెన ఎత్తును నిర్ణయించేది కేటగిరీ ఒక్కటే కాదు. తుపాను వెడల్పు, తీరాన్ని తాకే కోణం, తీరం ముందు సముద్రం ఎంత దూరం లోతు తక్కువగా ఉంది, ఆ వేళకు పోటా ఆటా అన్నవి కలిసి నిర్ణయిస్తాయి. హెలీన్ తీరం దాటిన బిగ్ బెండ్ ప్రాంతంలో సముద్రం చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది. నీళ్ళకు కిందికి జారే దారి లేక కొన్నిచోట్ల నేల మీద 15 అడుగుల దాకా లేచాయి.

కాబట్టి చివరి 48 గంటల్లో తెరిచి ఉంచాల్సింది కోన్ కాదు, ఉప్పెన ముంపు మ్యాపు. అందులో చూపే లోతు సగటు అంచనా కాదు. అంతకు మించడానికి పదింట ఒక వంతు అవకాశం మాత్రమే ఉన్న ఎత్తు. అంటే నమ్మదగిన గడ్డు పరిస్థితి. ‘నేల మీద ఇన్ని అడుగులు’ అని ఉంటే అది సముద్ర మట్టం నుంచి కాదు, వాకిట్లో నిలబడితే ఎంత లోతు అన్నది. దీనితోపాటు ఇంటి చిరునామా ఏ ఖాళీచేసే జోన్‌లో ఉందో ముందే తెలిసి ఉండాలి. ఫ్లోరిడాలో ఏ, బి, సి అంటూ అక్షరాలతో జోన్లు ఉంటాయి, ‘ఏ’ వాళ్ళు అందరికన్నా ముందు బయలుదేరాలి. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళు దీన్నీ, బీమా కాగితాల్లో ఉండే ఫ్లడ్ జోన్‌నూ ఒకటే అనుకుంటారు. రెండూ వేరు. ఫ్లడ్ జోన్ బీమా కోసం, ఖాళీచేసే జోన్ ఉప్పెన కోసం. ఫ్లడ్ జోన్‌లో లేని ఇల్లు కూడా ‘ఏ’ జోన్‌లో ఉండవచ్చు. ఖాళీ చేయమంటే వందల మైళ్ళు పోనక్కర్లేదు. నీళ్ళు రాని జోన్‌లో, గట్టి కట్టడంలో ఉన్న స్నేహితుల ఇంటికి ఇరవై మైళ్ళు పోయినా చాలు.

తీరం దాటాక చాలామంది మ్యాపు మూసేస్తారు. హెలీన్ బలహీనపడి ఉత్తరానికి పోతుండగా, దానికంటే ముందే వచ్చిన వాన ఉత్తర కరొలైనా కొండల నేలను నానబెట్టేసింది. తుపాను తెచ్చిన తేమ ఆ కొండలకు కొట్టుకుని మళ్ళీ కుమ్మరించింది. బ్యూసిక్ అనే చోట మొత్తం 30 అంగుళాలు దాటింది. అమెరికాలో ఈ తుపానుకు 200 మందికి పైగా చనిపోయారు. 2005 కత్రినా తర్వాత ఆ దేశపు ప్రధాన భూభాగంలో ఇంతమందిని తీసుకుపోయిన హరికేన్ లేదు. వాళ్ళలో ఎక్కువమంది సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళే. 27 ఉదయం గాలి అంకెలు పడిపోతున్నాయి, కేటగిరీ అన్న మాటే లేదు. చూడాల్సిన అంకె ఆ వేళకు ఇంకోచోట ఉంది: హెలీన్ తీరం దాటిన చోటికి 500 కిలోమీటర్లకు పైగా దూరాన, ఉత్తర కరొలైనాలోని యాష్‌విల్‌లో, ఫ్రెంచ్ బ్రాడ్ నది గేజ్ మీద. ఆ రోజు అది 24 అడుగులు దాటి, 1916 వరదల నాటి గుర్తును మించి పోయింది.